టెండర్ మీద అరచెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో జర్మన్ సరిగ్గా వచ్చింది నాకొక్కదానికే. నాన్న జర్మనీలో జార్‌బ్రూకెన్ యూనివర్సిటీలో కంప్యూటర్ల మీద పరిశోధన చేసేవాడు గానీ, బేకరీలో రొట్టె అడగాల్సి వస్తే నన్ను ముందుకు తోసేవాడు. పదేళ్ళకే ఆ ఇంటికి నోరు నేను. ఆ నోటితోనే ఒకరి కొంప ముంచాను.

ఆ వేసవిలో మా తాతయ్య మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు బొగ్గింజన్ల మీద బతికిన మనిషి. పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యాడు. ఇక్కడి తుడిచిన వీధులు ఆయన కంటికి ఆనలేదు. "ఇదేం ఊరే, వెతికినా పొగ వాసన లేదు" అని గొణిగేవాడు. ఆ మాట పక్కింటి అక్కకి చెబితే నవ్వి, ఆదివారం నా వెంట రండి అంది. అక్క జర్మన్ పిల్లే, కాలేజీలో చదువుతుండేది. మా అమ్మ పెట్టే పులిహోర కోసం నాతో స్నేహం చేసి అక్క అయిపోయింది.

ఊరికి కాస్త దూరంలో ఒక పాత ఆవిరి బండిని కొందరు సరదాపడి సెలవురోజుల్లో నడిపేవారు. అక్క అక్కడ రెండేళ్ళ నుంచి ఇత్తడి తోముతూ, బూడిద ఎత్తుతూ పని నేర్చుకుంటోంది. ఆ ఆదివారం ఆమెకి పరీక్ష. డ్రైవరు పక్కన నిప్పూ నీళ్ళూ చూసుకుంటూ బండిని అడవి అవతలి స్టేషన్ దాకా తీసుకెళ్ళి తెస్తే ఫైర్‌మన్ అవుతుంది. అక్కడ అంతకుముందు ఆ పని చేసిన ఆడమనిషి లేదు. ఉండకూడదని పట్టుబట్టిన మగవాళ్ళు మాత్రం బోలెడుమంది ఉన్నారు. వాళ్ళలో మొదటివాడు మీసాల డ్రైవరు.

ఇంజన్ కనబడగానే తాతయ్య మమ్మల్ని మరిచిపోయాడు. నేరుగా టెండర్ దగ్గరికి నడిచాడు. ఇంజన్ వెనకాలే బొగ్గునీ నీళ్ళనీ మోసుకెళ్ళే ఇనప పెట్టె బండి అది. దాని పక్క రేకు మీద, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు, అరచెయ్యి ఆనించి పైనుంచి కిందికి మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. ఎండకి రేకు వేడెక్కుతుంది, లోపల నీళ్ళున్న మేరకి మాత్రం చల్లగా ఉంటుంది. చెయ్యి చల్లబడిన చోటే నీటిమట్టం. ఇదంతా ఆయన నాకు తర్వాత చెప్పాడు.

అప్పుడొచ్చాడు మీసాలాయన. తాతయ్య మొహం కూడా చూడలేదు. చేతిలోని నూనె గుడ్డతో, తాతయ్య చెయ్యి పెట్టిన చోటల్లా రెండుసార్లు తుడిచాడు. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళు నవ్వారు. "రంగు వదిలిందా?" అని ఒకడు అడిగాడు.

"ఏమంటున్నాడే?" అన్నాడు తాతయ్య.

చెప్పాను. పొల్లు పోకుండా తెలుగు చేసి చెప్పాను. తెలివైన పిల్లనని గొప్ప కదా నాకు.

అక్క చేతిలో నీళ్ళు కొలిచే కడ్డీ పట్టుకుని టెండర్ పైకెక్కబోయింది. డ్రైవరు కిందనుంచే అరిచాడు: "దిగు! నీళ్ళ మీటరు ముల్లు ముప్పావు చూపిస్తోంది కదా, కళ్ళు లేవా? జనం ఎక్కి కూర్చున్నారు, నీ కోసం ఆగుతారా?" అక్క దిగింది. పరీక్ష రోజున ఎవరు ఎదురు చెబుతారు?

తాతయ్య నా భుజం పట్టుకుని వంగాడు. "ముల్లు ఇరుక్కుపోయింది. లోపల పావు వంతు కూడా లేవు. ఎక్కువ దూరం పోరు." ఆయన మొహంలో వెలుగు నేను అంతవరకు చూడలేదు. "నువ్వు నోరు విప్పావో, చూసుకో మరి."

అక్క ఇంజన్ మీంచి తొంగి చూసింది. బుగ్గ మీద మసి. "ఓపా ఏమంటున్నారు?" ఓపా అంటే తాత. ఆయన పెద్ద ఫైర్‌మన్ అని ఆమెకి గౌరవం. ఆయన మాట నిజంగానే వినాలనుకుంది.

నేను తాతయ్య వైపు చూశాను. "అంతా బాగుందంటున్నారు" అన్నాను. అక్క మొహం విప్పారింది.

అడవిలో ఎత్తు మొదలైన చోట బండి ఆగింది. పెట్టెల్లో కూర్చున్న మాకు మొదట వినపడింది డ్రైవరు గొంతే. టెండర్ అడుగంటింది, బాయిలర్‌కి నీళ్ళెక్కడం లేదు. బాయిలర్ పాడవకుండా మంటని బయటికి లాగెయ్యాలి. దిగి వెళ్ళి చూస్తే, అక్క పొడవాటి పారతో ఎర్రటి బొగ్గుల్ని తవ్వి కిందికి తోస్తోంది, దగ్గుతూ, ఏడుస్తూ. ఆమె పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు మీసాలాయన. "నీళ్ళు చూసుకోవడం ఫైర్‌మన్ పని. కడ్డీ ఎందుకిచ్చారు నీకు, జుట్టు దువ్వుకోవడానికా?" అందరికీ వినబడేలా అన్నాడు. అక్క తల ఎత్తి, దిగమన్నది మీరే కదా అంది. అందరూ విననట్టు నటించారు. డీజిల్ ఇంజన్ వచ్చి మమ్మల్ని వెనక్కి లాక్కెళ్ళింది.

ఇంటికొచ్చాక తాతయ్యతో పోట్లాడాను. డ్రైవరుకి కదా బుద్ధి రావాల్సింది, అక్కకి ఎందుకిలా అయిందని. ఆయన అన్నం కలుపుకుంటూ తాపీగా, "నీళ్ళైపోతే తిట్లు పడేది ఎప్పుడూ ఫైర్‌మన్‌కే. డ్రైవర్‌కి ఏనాడూ పడవు" అన్నాడు.

"అది నీకు ముందే తెలుసా?"

"ముప్పై ఏళ్ళు చేశానమ్మా, తెలీకుండా ఉంటుందా? నన్నూ దింపేశారు ఒకసారి, ఇట్లాగే. ఏడ్చాను. నేర్చుకున్నాను." మజ్జిగ పోసుకున్నాడు. "ఆ పిల్లా నేర్చుకుంటుంది."

తను చెయ్యి పెట్టిన చోటు తుడిచినవాణ్ణి ఏమీ చెయ్యలేక, తనని ఆదివారం సరదాగా తీసుకెళ్ళిన పిల్లని ముంచాడు మా తాతయ్య. పైగా దానికి చదువు అని పేరు పెట్టాడు. ఆ పూట ఆయన రెండో మారు కూడా వడ్డించుకున్నాడు.

మర్నాడు పొద్దున అక్క మెట్ల మీద నన్ను ఆపింది. ఆమెని మళ్ళీ ఇంజన్ ఎక్కనివ్వరట, టిక్కెట్ల కౌంటర్లో కూర్చోమన్నారట. కళ్ళు వాచి ఉన్నాయి. నన్ను తిట్టడానికి రాలేదు. "నిన్న ఓపా చెయ్యి పెట్టి చూశారు కదా. ఆయన నిజంగానే బాగుందన్నారా?" అని అడిగింది. గొంతులో అనుమానం లేదు. తాను ఎక్కడ పొరబడిందో తెలుసుకుందామని, అంతే.

తాతయ్య ఇంట్లో నిద్రపోతున్నాడు. నా భుజం మీద ఎవరి చెయ్యీ లేదు. "అవును, అదే అన్నారు" అన్నాను.

పదేళ్ళ పిల్లవి, నీ తప్పేముంది అంటారు మా ఆయన. ఈ విషయంలో ఆయనతో ఇరవయ్యేళ్ళుగా వాదిస్తున్నాను. మొదటి అబద్ధం తాతయ్య చెప్పించాడు, ఒప్పుకుంటాను. రెండోది నా సొంతం. నా పెద్దరికం కోసం, నేను మంచిపిల్లగా మిగలడం కోసం చెప్పాను.

తర్వాత మేము హైదరాబాద్ వెళ్ళిపోయాం. నా చదువు అక్కడే ముగిశాక, ఉద్యోగం మీద మళ్ళీ ఈ దేశానికి, కొలోన్‌కి వచ్చాను. ఇప్పుడు ఇక్కడ చదువుకునే మన పిల్లలు వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరగ్గానే నాకు ఫోన్ చేస్తారు, తోడు రమ్మని. మొన్న ఒక వరంగల్ కుర్రాడు గొణిగాడు: "ఆంటీ, రెండు సబ్జెక్టులు పోయినయని చెప్పకుండ్రి, జర మెత్తగ చెప్పుండ్రి." నువ్వు చెప్పదలుచుకోనిది నా చెవిన వెయ్యకు, వేశావా చెప్పేస్తానన్నాను. పిల్లలు నన్ను రాక్షసి అంటారని తెలుసు. అననీ.

కానీ కౌంటర్ వెనక కూర్చున్నావిడ కళ్ళద్దాల మీంచి నన్ను చూసి "ఏమంటున్నాడు?" అని అడుగుతుంది చూడండి, అప్పుడు మాత్రం నాకు ఒక్క క్షణం ఏ భాషా గుర్తుకు రాదు. ఆ క్షణం దాటాకే నోరు తెరుస్తాను.