పిన్ను జేబులో ఉండకూడదు

ముందే ఒప్పేసుకుంటున్నాను: నా నోట్లో పడిన ఏ సంగతైనా కాస్త ఒళ్లు చేస్తుంది. మా ఇంట్లోవాళ్లు నేను చెప్పేదాన్ని సగం చేసుకుని వింటారు. మీరూ అలాగే వినండి. నిన్న మాదాపూర్‌లో, మా ఆఫీసు నూట ఇరవయ్యో అంతస్తులో మీటింగు జరుగుతుండగా, బయట అద్దాలు తుడిచేవాళ్ల ఇనుప తాడు గాలికి కిటికీని తాకి టింగుమంది. అందరూ తెర వైపు చూస్తున్నారు. నేను తలెత్తి పైకప్పు వైపు చూశాను. ఆ చప్పుడు వినగానే పైకి చూడడం యాదగిరన్న నేర్పిన అలవాటు.

యాదగిరన్నది గోపన్‌పల్లి. హుస్సేన్ సాగర్ గట్టున తెరచాప పడవలు బాగుచేసేవాడు. బీపీ తగ్గుతుందని నేనూ ముగ్గురు సహోద్యోగులూ కలిసి ఒక పాత చిన్న పడవ కొన్నాం. మూడో ఆదివారానికల్లా వాళ్ల బీపీలు వాటంతటవే తగ్గిపోయి, నేనొక్కణ్ణే మిగిలాను. ఆదివారం పొద్దున ఆయన లింగంపల్లిలో రైలెక్కి, పక్క సీటు మీద తువ్వాలు పరిచేవాడు. హైటెక్ సిటీ స్టేషన్లో నేనెక్కేదాకా ఆ తువ్వాలు మీద కూర్చునే ధైర్యం మంత్రులకైనా ఉండేది కాదు.

పడవ ముక్కు నుంచి తెరచాప స్తంభం పైదాకా ఒక ఇనుప తీగ ఉంటుంది. స్తంభం వెనక్కి పడకుండా పట్టుకునేది అదే. ముందు తెరచాప దాని చుట్టూనే చుట్టుకుంటుంది. కింది డ్రమ్ము తాడు లాగితే చుట్టుకోవాలి, వదిలితే విప్పుకోవాలి. ఒకరోజు తుపాను లేచింది, తెరచాప చుట్టేద్దామంటే డ్రమ్ము తిరగలేదు. కాళ్లు తన్నిపెట్టి లాగాను.

“ఏంది సార్, బాయిల నీళ్లు చేదుతున్నవా?” అన్నాడు పడవలో నా వెనక కూర్చున్న యాదగిరన్న. “తిరగకుంటే గుంజుడు బంద్ చెయ్యి. పైకి చూడు జర.”

చూశాను. తీగ బట్టలారేసే దండెంలా వేలాడుతోంది.

“నడుం వంగినోన్ని గిరగిర తిరగమంటే తిరుగుతడా?”

గట్టు చేరాక తీగ మొదట్లో ఉన్న స్క్రూ బిగించాడు. బొటనవేలితో తీగ నొక్కి, మీటి, చెవి పెట్టాడు. “బద్ధకంగ మోగితే ఇంకో చుట్టు. ఏడ్చినట్టు మోగితే సగం చుట్టు ఎనక్కి.” చివరికి, స్క్రూ తనంతట తాను విప్పుకోకుండా రంధ్రంలో చిటికెన వేలంత పిన్ను దూర్చాడు.

ఆ తర్వాత నాకు ఒకటే కోరిక: ఒక్కడినే వెళ్లమని ఆయన నోటితో అనాలి. ఏడాది తిరిగాక ఒక ఆదివారం తీగను వీణలా శ్రుతి చేశాను. తెరచాపను మూడుసార్లు చుట్టి, మూడుసార్లు విప్పి చూపించాను. “అన్నా, ఇవాళ నేనొక్కణ్ణే వెళ్లిరానా?”

“పిన్ను పెట్టినవా?”

పిన్ను నా చొక్కా జేబులో ఉంది.

“స్తంభం పడితే నీ నెత్తి మీదనే పడతది సార్,” అని, తిట్టకుండా వచ్చి పడవలో నా పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను అడిగేవాణ్ణి, ఆయన పడవెక్కేవాడు.

ఒక ఆదివారం రైల్లో తువ్వాలు లేదు. ఆ సీట్లో ఎవరో ఇడ్లీ తింటున్నారు. ఆయన కూతురికి ఫోన్ చేస్తే, పక్షవాతం వచ్చిందని, దవాఖానలో ఉన్నాడని చెప్పింది. ఆయన ముందు అడిగేది దాని గురించేనని పడవ దగ్గరికి పోయి తీగ, పిన్ను చూసి, అటునుంచి దవాఖానకు పరుగెత్తాను. “నువ్వొక్కనివే పో సార్ ఇగ. నాకు ఫికర్ లేదు,” అన్నాడు. వారం తిరక్కుండా వెళ్లిపోయాడు. ఇప్పుడు ఒక్కడినే వెళ్తున్నాను. రైల్లో పక్క సీటు మీద తువ్వాలు నేను పరుస్తున్నాను. అడిగినవాళ్లకు, వస్తారండీ అంటాను.

మా ఆఫీసు తొమ్మిదో అంతస్తు. ఆ తుపాను వట్టి గాలి. అవి మీరు ఎలాగూ సగం చేసుకునే ఉంటారు. దవాఖానలో ఆయన అన్న మాట మాత్రం సగం కాదు, మొత్తం నేను కల్పించిందే. నేను వెళ్లేసరికే ఆయనకు మాట పడిపోయింది. నన్ను చూసి, పనిచేస్తున్న ఆ ఒక్క చేత్తో మెల్లగా నా చొక్కా జేబు తడిమాడు.

జేబు ఖాళీగా ఉంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.