తాతయ్య తుపాకీ మూతి

మా ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు ఠాణాకు వెళ్లింది తాతయ్య తుపాకీ. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ లైసెన్సున్న ఆయుధాలన్నీ అప్పజెప్పి రావాలి కదా. ఎన్నికలయ్యాక, మెడలో దారంతో కట్టిన అట్టముక్కతో, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన పెద్దమనిషిలా తిరిగొచ్చేది. అది ఏ నేరమూ చేయలేదు. ఎంతగా చేయలేదో మాకు అప్పటికి తెలియదు.

తాతయ్య, అంటే మా నాన్నకు నాన్న, గోదావరి అవతల ఒక ఎస్టేటులో గుమాస్తా. ఎస్టేటు పోయిన రోజుల్లో దొర జ్ఞాపకంగా ఇచ్చిన రైఫిలు అది. దాంతో తాతయ్య పులిని కొట్టాడని మా ఇంటి చరిత్ర. పులి చర్మం దొర ఉంచుకున్నాడు. ఫొటో వరదలో పోయింది. చూసినవాళ్లు కాలక్రమంలో పోయారు. మిగిలిన సాక్ష్యం తుపాకీ మూతి ఒక్కటే. గొట్టం చివర రంధ్రం గుండ్రంగా ఉండాల్సింది, అంచు ఒక పక్కకు అరిగి కోడిగుడ్డు ఆకారానికొచ్చింది. వచ్చిన ప్రతి చుట్టానికీ నాన్న ఆ మూతి చూపించి, “కాల్చీ కాల్చీ అరిగిపోయిందండీ,” అనేవారు. శ్రీనగర్ కాలనీలో మేముండేది అద్దె ఫ్లాటు. నాన్నకున్న స్థిరాస్తి ఆ పులి.

మొన్నటి ఎన్నికల తర్వాత ఆయన లైసెన్సు నా పేరుకు మార్పిస్తానన్నారు. నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పుతాను. అంటే, ఒకరు కష్టపడి చేసినదానిలో తప్పులెలా వెతకాలో ఇంకొకరికి చెబుతాను. తుపాకీతో కలిసే వృత్తి కాదు.

“నాకెందుకు నాన్నా?” అన్నాను.

“నీకు కాకపోతే ఎవరికమ్మా? ఇచ్చేది గోడకు తగిలించే బొమ్మలా ఇవ్వకూడదు. మూతి బాగుచేయించి, గురి కుదిర్చి ఇస్తాను.”

గురి గురించి మాట్లాడుతున్న ఎనభయ్యేళ్ల మనిషి అంతకు ముందే అరగంటసేపు కళ్లజోడు కోసం వెతికారు. అది ఆయన నెత్తి మీదే ఉంది.

ఒక మధ్యాహ్నం కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని, తుపాకీని గుడ్డ తొడుగులో పెట్టి ఆటో ఎక్కాం. పంజాగుట్ట దాకా డ్రైవరు అద్దంలోంచి ఆ తొడుగునే చూస్తున్నాడు.

“గిటారా మేడమ్?”

“మా తాతయ్యది.”

“మస్తు వాయిస్తుండెనా?”

“అలా అనే విన్నాం,” అన్నాను.

మెట్రో వంతెన ఉన్న రోడ్డు వెనక సందులో ఉంది తుపాకులు బాగుచేసే కొట్టు. అందరూ ఉస్తాద్ అని పిలిచే డెబ్బయ్యేళ్ల పెద్దాయన తెల్ల లాల్చీలో, అరమూసిన కళ్లతో కూర్చుని ఉన్నాడు. ఫ్యాను తిరుగుతోందా, ఆగిందా అని తేల్చుకోలేనంత నెమ్మదిగా తిరుగుతోంది. నూనె వాసన, ఇనుము వాసన, ఎవరో సగం తాగి వదిలేసిన చాయ్ వాసన కలిసి, ఆ సందులోకి గడియారాలు రావని చెబుతున్నట్టుంది. నాన్న పులి కథ మొదలుపెట్టారు. ఉస్తాద్ వింటూనే తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసి, భాగాలు విప్పి, గొట్టాన్ని వాకిలి వైపు ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. పులి పొదలోంచి బయటికొచ్చే చోట ఆయన చెయ్యెత్తాడు. నాన్న ఆగారు, బహుశా పులి కూడా.

“సార్, లోపల గాడులు కొత్తగున్నయ్. తూటాలతోని అరిగితే తూటా పెట్టే కాడికెల్లి అరుగుతది. గిది మూతి కాడనే అరిగింది, అది సుత ఒక్క పక్కకే. తుడిచే కమ్మీ రాసుకొని రాసుకొని ఇట్లయింది. ఎవరో దీన్ని మస్తు ప్రేమగ తుడిచిండు. కాల్చింది మాత్రం తక్కువ.”

“తక్కువంటే?”

“ఒకటో, రెండో. నేను చూడలే కద సార్.”

నాన్న ముఖం చూడడం ఇష్టంలేక నేను గొట్టం అందుకుని, వాకిలి వైపు తిప్పి కంటికి పెట్టుకున్నాను. లోపలంతా వెండిమెరుపు. గాడులు మెలికలు తిరుగుతూ, నీళ్లలో సుడిలా, ఎక్కడో దూరానికి వెళ్లిపోతున్నాయి. ఆ దూరం చివర కోడిగుడ్డు ఆకారంలో ఆకాశం. అందులోంచి చప్పుడు లేకుండా ఒక మెట్రో రైలు కొంచెం కొంచెంగా దాటిపోయింది. వేటాడిన తుపాకీలో కూడా ఆకాశం ఇంత శుభ్రంగా కనిపిస్తుందా అనిపించింది. కొన్ని క్షణాలు నేను పంజాగుట్టలో లేను, గోదావరి అవతల కూడా లేను.

వృత్తిరీత్యా తప్పు దొరికినప్పుడు సంతోషించాలి. కంటి నుంచి గొట్టం దించి, “పులికి ఒక్కటి చాలు కదా నాన్నా,” అన్నాను.

ఆయన నవ్వారు. కొంచెం ఆలస్యంగా వచ్చిన నవ్వు. “వద్దులేమ్మా. ఆదివారం తలంటుకున్నాక మీ తాతయ్య అరుగు మీద కూర్చుని తుడిచేవారు. పులి అప్పుడే వచ్చేది. కమ్మీ లోపలికి వెళ్తే పులి పొదలోకి, బయటికి లాగితే పులి బయటికి. ఎప్పుడైనా ఆయనకు ఒంట్లో బాగోకపోతే తొందరగా తుడిచేసేవారు. ఆ వారం పులి కాస్త చిన్నది.”

“మరి నిజంగా…?”

“నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఇంక చెప్పరేమోనని.”

ఉస్తాద్ గొట్టం చివర వేలితో కొలిచి చూపించాడు. “ఈ అరిగిన అర అంగుళం కోసి, కొత్త అంచు తీస్తే గురి మల్ల కుదురుతది. ఏం ఫికర్ లేదు.”

నాన్న తుపాకీ మూతి మీద బొటనవేలు పెట్టి, అరిగిన పక్కన అటూ ఇటూ రాశారు. మనసు మార్చుకుంటారనుకున్నాను. వద్దంటే నేనూ సరేననేదాన్ని. ఇంటికెళ్లి మళ్లీ చుట్టాలకు కాల్చీ కాల్చీ అని చెప్పుకోవచ్చు.

“కోసిన ముక్క ఏం చేస్తారండీ?”

“డబ్బాల ఏస్తం సార్. ఇనుమే కద.”

“అది నాకివ్వండి. తుపాకీ అమ్మాయికి.”

వారం తర్వాత వెళితే ఉస్తాద్ రెండూ ఇచ్చాడు. తుపాకీ మూతి ఇప్పుడు పూర్ణచంద్రుడిలా, ఏ కథా లేనట్టు గుండ్రంగా ఉంది. కాగితంలో చుట్టిన రెండోది ఉంగరంలాంటి ముక్క. నాన్న చిటికెనవేలికి పెట్టుకోబోయారు, పట్టలేదు.

నాతో మాత్రం ఉస్తాద్ గట్టిగా చెప్పాడు. “బేటీ, ఇగ కమ్మీ మూతికెల్లి పెట్టొద్దు. ఎన్కకెల్లి పెట్టాలె. మీ తాత చేసిన గలతీ నువ్వు చెయ్యకు.” మా తాతయ్యను తప్పుపట్టిన మొదటి మనిషి ఆయన. నాకు కోపం రాలేదు.

లైసెన్సు నా పేరుకు మారింది. మారాక వచ్చిన మొదటి ఆదివారం, బాల్కనీలో చాప మీద కూర్చుని, వెనక వైపు నుంచి కమ్మీ పెట్టాను. నాన్న కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. చొక్కా జేబులోంచి ఆ ఇనుప ముక్క తీసి, అరిగిన అంచు మీద వేలు తిప్పుతూ కాసేపు రోడ్డు కేసి చూశారు. కింద ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది అవడం లేదు.

“ఆ రోజు వెదురు పొదలో గాలే లేదు,” అన్నారు నాన్న. “అయినా ఆకు కదిలింది.”

కమ్మీ ఇంకా లోపలే ఉంది. నేను దాన్ని బయటికి లాగలేదు, కాసేపలాగే పట్టుకున్నాను.