మొద్దుబారిన చేత్తో బావి ఈత

“గాజులు పగలగొడతానత్తా! అమ్మ చెయ్యి సూడు, ఎట్ల ఉబ్బిందో!”

“మా అన్న గుండ్రాయి మాదిరి తిరుగుతాంటే ముత్తైదువ గాజులు పగలగొడతావా? నోరు కడుక్కో పాపా!”

నా కూతురు నాగవేణికీ నా ఆడబిడ్డ ఉరుకుందమ్మకూ ఆ జగడం నా మంచం పక్కనే జరిగింది. ఆ పొద్దున మా చేని బావిలో ఈతకు దిగుతూ, పాచి పట్టిన మెట్టు మీద జారి, కుడి చెయ్యి కింద పెట్టుకుని పడ్డాను. మణికట్టు వాచి, గాజులు కండలోకి దిగిపోయాయి. పసుపు, సున్నం పట్టు వేశారు. మధ్యాహ్నానికి వేళ్లు నల్లబడ్డాయి. గిల్లినా తెలియలేదు. నొప్పి కంటే నాకు దాంతోనే దిగులు పుట్టింది.

మా ఆయన చేనికాడి నుంచి వచ్చి చూశాడు.

“నా పానం గాజుల్లో ఉందా మే? తియ్యండి!”

నాగవేణి పట్టకారుతో ఒక్కొక్కటీ చిట్లించింది. ఆడబిడ్డ గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఎమ్మిగనూరులో ఎక్స్‌రే తీసి ఆదోనికి పంపారు. “ఎముక విరిగింది. లోపల ప్రెషర్ పెరిగి నర్వ్ నలిగింది. ఇంకా ఆలస్యమైతే చెయ్యే పోయేది” అన్నాడు డాక్టరు. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. అందుకే చెబుతున్నాను: చేతికి దెబ్బ తగిలితే వాపు ఎక్కకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. రాకపోతే కోయించండి. శకునం చూస్తూ కూర్చోవద్దు.

“వేళ్లకు తెలివి ఎప్పుడొస్తాది సారూ?” అని అడిగాను.

“రావచ్చు, రాకపోవచ్చు అవ్వా.”

“ఈత?”

“గాయం పూర్తిగా మానాక నేను చెబుతా. అప్పుడైనా ఒంటరిగా దిగొద్దు.”

నా మోకాళ్లు అరిగిపోయాయి. నీళ్లలో ఉన్నంతసేపే కాళ్లు నా మాట వింటాయి. ఈత మానితే మంచాన పడతానని నా భయం. రోజూ ఆదోనికి బస్సు చార్జీ దండగని, ఫిజియోథెరపీలో చూపినవన్నీ ఇంట్లోనే చేశాను. పిండి ముద్ద పిసికాను. గుడ్డలు పిండాను. పిడికిలి బిగిసింది కానీ, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుగానే ఉండిపోయాయి. ఒకసారి కాగుతున్న గిన్నె అంచు పట్టుకుని, కమురు వాసన వచ్చాక గానీ వదల్లేదు.

డాక్టరు సరేనన్నాక, మొన్న బావిలో దిగాను. నాగవేణి గట్టున కూర్చుంది. అవతలి గోడ దాకా బాగానే పోయాను. అక్కడ రాయి పట్టుకున్నాననుకుని కాళ్లు ఆడించడం ఆపేశాను. చేతిలో ఏ రాయీ లేదు. నీళ్లు తలమీదికి వచ్చాయి. పైకి తేలేసరికి నాగవేణి చీర కొంగు విసిరింది. ఎడమ చేత్తో పట్టుకున్నాను.

మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి ఏడ్చింది. “ఇంగ బావి దిక్కు పోతే సూడు! నీ శవం ఎత్తేకి నేను రాను మా.”

“రావద్దులే. మంచంలో పడినాక నా మలమూత్రాలు ఎత్తేకి వద్దువు గానీ.”

“అట్లనే ఎత్తుతా! అదన్నా బతికుండేదే కదా?”

తడి చీరతోనే దాని వెనక ఇంటికి నడిచాను.

మరుసటి పొద్దున నేను లేచేసరికి నాగవేణి గడపలో నా పొడి చీర పట్టుకుని నిలబడి ఉంది. “పోదాం పా” అంది. బావిలో నాకంటే ముందు తనే నడుములోతు మెట్టు దాకా దిగింది. అవతలి గోడ దాకా పోయాను. ఏ చెయ్యి దేన్ని పట్టుకుందో కళ్లతో చూసుకున్నాను. తిరిగి వచ్చాను.

“మా, వేలు సూడు.”

చూపుడువేలు రాతికి తెగి రక్తం కారుతోంది. నాకు తెలియనే లేదు. నాగవేణి గుడ్డపీలిక చుట్టి, గట్టిగా ముడి వేసింది. ఆ తర్వాత ఇంకొకసారి పోయి వచ్చాను.