చిలుకూరు దాటని బి.ఏ.

రాజారత్నం చదువు ఎంతవరకు వచ్చిందో మిర్యాలగూడలో రైసుమిల్లు దగ్గర బియ్యం చెరిగే ఆడవాళ్ళందరికీ తెలుసు. హైదరాబాదులో అతని కాలేజీ వాళ్ళకైనా అంత కచ్చితంగా తెలిసి ఉండదు. ఇదంతా అతని తల్లి ఏసమ్మ చేసిన చాటింపు.

ఏసమ్మకు అక్షరం ముక్క రాదు. ఇంటర్మీడియట్ అంటే తినేదో తాగేదో ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా మిర్యాలగూడ నుంచి కోదాడకు పోయే దారి. కోదాడ ఆమె తల్లిగారి ఊరు. పెళ్ళయిన కొత్తలో అత్తతో పోట్లాడినప్పుడల్లా ఆ దారి పట్టేది కాబట్టి, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయో ఎక్కడ కుక్కలు కరుస్తాయో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అందుకే రాజారత్నం సూర్యాపేటలో మెట్రిక్ పాసై వచ్చిన రోజు తల్లికి ఇట్లా చెప్పాడు:

"గరిడేపల్లి దాటిన అవ్వా!"

"ఇంకెంత దూరముందిరా?"

"కోదాడ చేరితే బీయే అయిపోయినట్టే."

ఇక అప్పటినుంచీ అదే లెక్క. హైదరాబాదు పోయి ఇంటర్ గట్టెక్కితే హుజూర్‌నగర్. 1948 వేసవికి బి.ఏ. మొదటి ఏడాది అయింది. అంటే చిలుకూరు. చిలుకూరు నుంచి కోదాడ ఎంత? పొద్దున్నే బయలుదేరితే ఎండ ముదరకముందే చేరిపోవచ్చు.

"ఏడాదికొక్క ఊరు గూడ నడుస్తలేడు నీ కొడుకు. మా ముసలెద్దు నయం ఏసమ్మక్కా" అనేవాడు పక్కింటి బండి సైదయ్య.

"నీ ఎద్దుకు ఇంగిలీసు వస్తదా?"

"రాదు గని, ఎన్నడన్న ఫేలయిందా?"

ఏసమ్మ చాట ఎత్తి కొట్టబోయేది. సైదయ్య పరుగెత్తేవాడు. రోజూ ఇదే తంతు. ఆ చాట మామూలుది కాదు మరి. మొగుడు లాజరు కలరాతో పోయినప్పుడు పిల్లవాడికి ఆరేళ్ళు. అప్పుడు పట్టిన చాటను ఆమె మళ్ళీ దించలేదు. మిల్లులో తవుడు చెరిగి, నూకలు చెరిగి, కొడుకును చిలుకూరు దాకా తెచ్చింది.

ఆ వేసవిలో హైదరాబాదు అట్టుడికింది. పిల్లలు కాలేజీలు వదిలి నిజాం సరిహద్దు దాటి బెజవాడ బాట పట్టారు. రాజారత్నం కూడా సర్టిఫికెట్లు తీసుకుని ఇంటికొచ్చాడు. మెట్రిక్‌ది, ఇంటర్‌ది, బి.ఏ. మొదటి ఏడాదిది, వేరే కాలేజీలో చేరడానికి ఇచ్చినది, మొత్తం నాలుగు. అన్నీ ఉర్దూలో, గుండ్రటి నీలి ముద్రలతో. సరిహద్దు దగ్గర అటువాళ్ళూ ఇటువాళ్ళూ జేబులు తడిమి దొరికిన కాగితమల్లా చింపుతున్నారని విని, వాటిని రేకుపెట్టెలో పెట్టి తల్లికి అప్పగించాడు.

"ఇవి పైలం అవ్వా. ఇవి పోతే నేను మల్ల మిర్యాలగూడ కాడ్నుంచి నడవాలె."

"నా పానమన్న పోతది గని, ఇవి పోవు పో కొడుకా."

బెజవాడ కాలేజీలో గుమాస్తా కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"ఏవయ్యా, రెండో ఏడాదిలో కూర్చోబెట్టమంటావు. మొదటి ఏడాది చదివినట్టు రుజువేది?"

"ఇంటికాడ ఉన్నయి సార్. తొవ్వలు తెరవంగనే తెస్త."

"ఉర్దూలో చదివిన ఏడాది మా దగ్గర చెల్లుతుందో లేదో పైవాళ్ళనడగాలి. ముందు కాగితాలంటూ ఉంటే కదా అడగడానికి! దసరా సెలవులయ్యేలోగా తెచ్చావా, ఉంటావు. లేదా, పేరు కొట్టేస్తాం."

"కొట్టేస్తే నేను సదివినదంతా?"

"చదవనట్టే నాయనా."

క్లాసులో కూర్చున్నాడు. ఉర్దూలో చదివిన చరిత్రను ఇంగ్లీషులోకి మార్చుకుంటూ, తెలుగులో తిట్టుకుంటూ మూడు నెలలు గడిపాడు.

సెప్టెంబరులో యూనియన్ మిలటరీ వచ్చింది. నిజాం పాలన పోయింది. సైదయ్య ఎక్కడో విన్న కబురు మోసుకుని రొప్పుతూ ఏసమ్మ వాకిట్లో వాలాడు.

"అక్కా, ఇంట్ల ఉర్దూ కాయితముంటే రజాకారని పట్టుకపోతున్నరట!"

"మొన్న తెలుగు కాయితముంటే నిజాముకు ఎదురుతిరిగిన సంగపోడని గుంజుకపోయిరి గదరా?"

"అది మొన్నటి రాజ్యం. ఇది ఇయ్యాల్టిది. నీ కొడుకు కాయితాలు పొయ్యిల పడెయ్. జల్ది!"

ఏసమ్మ రేకుపెట్టె తెరిచింది. పొయ్యి ముందు కూర్చుంది. ఒక కాగితం మంట దాకా పోయి వెనక్కి వచ్చింది. చర్చిలో పాస్టరుగారు బైబిలు చదువుతుంటే కాగితాన్ని తొక్కినా తప్పని పిల్లలను కసిరే మనిషి ఆమె. కొడుకు పదమూడేళ్ళ చదువును పొగ చేయడానికి చెయ్యి రాలేదు.

అప్పుడామెకు గోడకు ఆనించిన చాట కనబడింది. అంచులు విడిపోయి, సందుల్లోంచి నూకలు కారిపోతున్న చాట. అటువంటి చాటకు ఏ ఇంట్లో అయినా ఏం చేస్తారు? పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, ఆ గుజ్జు మెత్తుతారు. ఎండితే రాయిలా ఉంటుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది.

మెట్రిక్, ఇంటర్, బి.ఏ., అన్నిటినీ నానబెట్టి రుబ్బింది. శ్రద్ధగా, సందు మిగలకుండా మెత్తింది. మిలటరీ వాళ్ళు ఆ వీధికి రానే లేదు.

నాలుగు రోజులకు దారులు తెరుచుకుని రాజారత్నం వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా, "పెట్టె యాడుందవ్వా?" అన్నాడు.

ఏసమ్మ నవ్వుతూ చాట తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"కాల్వలే కొడుకా. అందరు కాలవెట్టుమన్నరు, నేను పెట్టలే. గిండ్ల మెత్తిన. ఎవడు గుర్తువట్టడు సూడు. నీ సదువు ఇంట్లనే ఉన్నది."

చాట ఇంకా మెంతుల వాసన వేస్తోంది. ఒక మూల గుజ్జులో కరగని ముద్ర ముక్క, నీలంగా, గోరంత.

రాజారత్నం చాటను మళ్ళీ గోడకు ఆనించాడు. "మంచిగ జేసినవ్ అవ్వా" అన్నాడు.

ఆమె నీళ్ళకు పోయినప్పుడు మాత్రం ఆ మూల గోరుతో గీకాడు. వచ్చింది కాస్త పొడి.

మర్నాడే హైదరాబాదు పోయాడు. అక్కడి ఆఫీసులో, "ఇచ్చినట్టు రిజిస్టరులో ఉంది. పోయిందంటే పోలీసు చిట్టీ తే, నకలు ఇస్తాం" అన్నారు. వెనక్కి వస్తూ సూర్యాపేటలో దిగాడు. కొత్తగా వచ్చిన పోలీసు అధికారి దగ్గర రాతకోతలు చూసే మనిషి కలం ముంచాడు.

"ఎట్ల పోయినయ్?"

"నానవెట్టిండ్రు."

"సర్కారు ముద్ర ఉన్న ఉర్దూ కాయితాలా? ఎవరు? ఎందుకు? పేరు చెప్పు, రాస్త. ఆ మనిషిని తోలుకరా, అడుగుతరు."

ఆ రోజుల్లో 'అడగడం' అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఒకసారి లోపలికి పోయిన పేరు ఎప్పుడు బయటికొస్తుందో ఎవరికీ తెలియదు. కలం చివర సిరా చుక్క వేలాడుతోంది. 'ఏసమ్మ' అని మూడక్షరాలు రాయిస్తే తన చదువు తిరిగి దక్కవచ్చు.

"యాది లేదు సార్" అని లేచి వచ్చేశాడు.

దసరా వెళ్ళిపోయింది. బెజవాడలో పేరు కొట్టేశారు. సూర్యాపేటలో చదువు చెప్పిన పాత పంతులు మొహం చూసి గుర్తుపట్టి, కాగితం అడగకుండా చిన్న పిల్లల బడిలో పెట్టించాడు. పలకల మీద అక్షరాలు దిద్దించడం అతని పని.

ఎండాకాలం ఇంటికి వస్తే తల్లి అడిగే ప్రశ్న గడపలోనే ఎదురొచ్చింది.

"యాడిదాక వొచ్చినవ్ కొడుకా?"

"కోదాడ చేరిన అవ్వా."

ఏసమ్మ అతని మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత సైదయ్యను కేకేసింది. "రేపు బండి గట్టు. మా తమ్ముండ్లకు చెప్పిరావాలె."

తెల్లారకముందే బయలుదేరారు. దారి పొడుగునా సైదయ్య నోరు ఊరుకోలేదు.

"బీయే సాబ్ కూసున్న బండి! ఎద్దులు గూడ సలాం గొట్టుకుంట నడుస్తున్నయి సూడు రత్నం."

"నడువనియ్యి మామా" అన్నాడు రాజారత్నం, చక్రం వైపు చూస్తూ.

గరిడేపల్లి పోయింది. హుజూర్‌నగర్ పోయింది. పొద్దు వాలుతుండగా చిలుకూరు బావి దగ్గర ఏసమ్మ బండి ఆపించింది. దిగి, చేద తోడి, కొడుకుకు తాగించి తాను తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, "బండి మలుపు సైదయ్యా" అన్నది.

"అయ్యో, కోదాడ గింతే ఉన్నదక్కా!"

"నా కొడుకు గీడ ఉండంగ, నేనొక్కదాన్నే ముంగటికి వోయి ఏం జేస్త?"

ఆమె వచ్చి రాజారత్నం కుడి చెయ్యి పట్టుకుని, చూపుడువేలి గోరు మీద బొటనవేలు పెట్టింది.

"సాట మూలకు గీకినవ్ గద కొడుకా. నేను నీళ్ళు తెచ్చేసరికి పొడి రాలివున్నది. గప్పుడే తెలిసింది, నేను ఏం రుబ్బిన్నో."

సైదయ్య బండి దిగి ఎద్దుల పగ్గాలు పట్టుకున్నాడు. పొయ్యిలో వెయ్యమని పరుగెత్తుకొచ్చి చెప్పింది తనే అని గుర్తొచ్చిందేమో. ఆ రోజు మళ్ళీ ఎద్దుల మీద హాస్యం ఆడలేదు.

ఎద్దులు మాత్రం కోదాడ వైపే మూతులు పెట్టుకుని నిలబడ్డాయి. వాటిని మలపడానికి చాలాసేపు పట్టింది.