పదకొండో నంబరు బస్సులో లేని సీటు

పదకొండో నంబరు బస్సు కండక్టరమ్మకు నగరంలోని సరదాలన్నీ కంఠతా వచ్చు. నవ్వుల హాలు ఎక్కడ, యోగా కేంద్రం ఎక్కడ, థాయ్ హోటల్ ఎక్కడ అన్నది ఆవిడ ఎవరినీ అడగక్కర్లేదు. రోజూ ఆ స్టాపుల పేర్లు గొంతు చించుకుని అరుస్తూ వందల మందిని దించుతుంది. తాను మాత్రం ఒక్కనాడైనా దిగి లోపలికి తొంగిచూసిన పాపాన పోలేదు.

"ఊరందరికీ దారి చూపిస్తావు, నువ్వెప్పుడు చూస్తావు చెల్లెమ్మా?" అని డ్రైవరన్నయ్య ఏడిపించేవాడు. పదకొండేళ్లుగా ఆ బస్సుకు ఆయన ముందు, ఈవిడ వెనక.

"నువ్వు బస్సును స్టాపులోనే ఆపిన రోజున చూస్తాలే అన్నయ్యా" అనేది ఆవిడ. ఆయన ఎప్పుడూ స్టాపు దాటి పది గజాలు ముందుకు పోయాకే ఆపుతాడు.

గొడవంతా కొత్త బస్సులు రావడంతో మొదలైంది. నిగనిగలాడుతూ వచ్చాయి, మెత్తటి సీట్లతో వచ్చాయి. పాత బస్సులో వెనక తలుపు పక్కన కండక్టరుకంటూ ఒక చిన్న సీటుండేది. రేకుదే, అంచు గుచ్చుకునేదే, అయినా రెండు స్టాపుల మధ్య కాసేపు కూర్చోవడానికి సరిపోయేది. కొత్త బస్సులో ఆ చోట ఇద్దరు ప్రయాణికులు కూర్చునే బెంచీ వేశారు. కండక్టరుకు మిగిలినవి గంట తాడు ఒకటి, పట్టుకోవడానికి ఇనుప గొట్టం ఒకటి. డ్యూటీ ఎనిమిది గంటలు. ఆ సీటు తీసేసిన మహానుభావుడు ఎవరో గాని, ఆ కాగితం మీద సంతకం మాత్రం హాయిగా కూర్చునే పెట్టి ఉంటాడు.

రెండేళ్లకు నడుం పట్టేసింది. పొద్దున మంచం మీంచి లేవాలంటే ముందు పక్కకు దొర్లి, తర్వాత మోకాళ్ల మీదికి వచ్చి, ఆ తర్వాత గోడ పట్టుకోవాలి. మొగుడు దర్జీ. ఆయన రోజంతా మిషను ముందు కూర్చుని మెడ పట్టేసిన మనిషి.

"కూర్చోలేక నువ్వు, లేవలేక నేను. మనిద్దరం ఉద్యోగాలు మార్చుకుంటే సరిపోయేదే" అన్నాడాయన, వేణ్నీళ్ల సంచీ ఆవిడ నడుం కింద పెడుతూ.

"నీకు చిల్లర ఇవ్వడం రాదు, నాకు కాజాలు కుట్టడం రాదు. పడుకో."

నవ్విందే గాని లోపల గుబులుగానే ఉంది. ఏటా డిపోలో డాక్టరు పరీక్ష ఉంటుంది. నడుం వంచి నేలను ముట్టుకోవాలి. ముట్టుకోలేని వాళ్లను బస్సు దింపేసి సామాన్ల గదిలో పడేస్తారు, టైర్లు లెక్కపెట్టుకోవడానికి. అలా వెళ్లిన ఇద్దరు స్నేహితురాళ్లను ఆవిడ చూసింది. పొద్దస్తమానం వాగే మనుషులు ఆ గదిలో మూగవాళ్లయిపోయారు. పరీక్షకు ఇంకా ఆరు నెలలుంది. బస్సు లేకపోతే తను మనిషినే కాదనిపించేది ఆవిడకు.

ధైర్యం చేసి డిపో మేనేజరు గదిలోకి వెళ్లింది. చెడ్డవాడేం కాదు. కాకపోతే రూల్సు పుస్తకానికి కళ్లజోడు తగిలిస్తే ఆయనే.

"సీటు లేదని ఒక్క ప్రయాణికుడైనా ఫిర్యాదు రాశాడా అమ్మా?" అనడిగాడు.

"వాళ్లెందుకు రాస్తారు సార్? వాళ్లు కూర్చునే ఉన్నారుగా."

"మరదే నేను చెప్పేది. ఫిర్యాదు వస్తే నేను పైవాళ్లకు పంపగలను. మీ నడుం నొప్పిని ఏ ఫైల్లో పెట్టమంటారు?"

ఆ మాట ఆవిడ చెవిలో ముల్లులా ఉండిపోయింది.

ఆ వారంలోనే, రోజూ పొద్దున బస్సెక్కే యోగా టీచరమ్మ, కండక్టరమ్మ ఇనుప గొట్టానికి నడుం ఆనించి పళ్లు బిగబట్టడం చూసింది.

"అలా ఆనించకండి, ఇంకా చెడుతుంది. ఆదివారం పొద్దున మా క్లాసుకు రండి. ఫీజేం వద్దు."

"టికెట్టు లేకుండా ఎక్కడికీ ఎక్కనమ్మా నేను."

"సరే, మీ గొంతే టికెట్టు అనుకుని రండి. అది విని మా వాళ్లకి నిద్ర వదులుతుంది."

ఆదివారం ఆవిడకు సెలవు. రోజూ తాను అరిచే స్టాపులో మొదటిసారి తాను దిగింది. పెద్ద హాలు, చెక్క నేల, వరసగా చాపలు. టీచరమ్మ చేతిలో చిన్న ఇత్తడి గంట. ఒక్కసారి కొడితే ఆసనంలోకి వెళ్లాలి, రెండుసార్లు కొడితే బయటికి రావాలి. చెప్పినప్పుడు బాగానే తలూపింది. కాని బస్సులో ఒక గంటంటే ఆపమని, రెండు గంటలంటే పోనిమ్మని. ఇరవై రెండేళ్లు ఒంట్లో ఇంకిన అలవాటు చెవి మాట వింటుందా?

ఒక గంట మోగింది. హాలంతా ముందుకు వంగింది. కండక్టరమ్మ ఒక్కతే కొయ్యబారి నిలబడి, "హోల్డాన్!" అంది గట్టిగా. రెండు గంటలు మోగాయి. అందరూ నిటారుగా లేస్తుంటే ఈవిడ "రైట్ రైట్" అంటూ వంగడం మొదలుపెట్టింది. ముందు వరసలో ఉన్న ఒక పళ్ల డాక్టరు వెల్లకిలా పడి నవ్వాడు. మూడోసారి వెనక వాళ్లు ఇరుకుగా ఉన్నారని చూసి, "ముందుకు జరగండి, ముందంతా ఖాళీయే" అనేసింది. జనం చాపలతో సహా జరిగారు.

"వచ్చే వారం నుంచి గంట మీరే కొట్టండి. నా వల్ల కాదు" అంది టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ.

నాలుగు ఆదివారాలకు నడుం కాస్త వదులైంది. కాని ఆదివారం వదిలిన నొప్పి బుధవారానికల్లా తిరిగొచ్చేది. టీచరమ్మ దాపరికం లేని మనిషి.

"ఆరు రోజులు చెడగొట్టినదాన్ని ఒక గంటలో బాగుచేయడానికి నా దగ్గర మంత్రం లేదండీ. మీకు కావలసింది ఆసనాలు కాదు, రెండు స్టాపుల మధ్య కూర్చోవడం. నాకిలా చెప్పడం వ్యాపారానికి మంచిది కాదు గాని, నిజమిదే."

పక్క చాప మీది ఆవిడ థాయ్ హోటల్ నడుపుతుంది. వంట కూడా తనే. విదేశంలో ఏడేళ్లు పనిచేసి నేర్చుకొచ్చింది. క్లాసు అవగానే కండక్టరమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

"రోజూ మా హోటల్ పేరు ఉచితంగా అరుస్తున్నావు వదినా. ఒక పూట తిని పో."

కొబ్బరిపాల పులుసులో నిమ్మగడ్డి వాసన గుప్పుమంది. ఇంకో పళ్లెంలో బియ్యప్పిండి సేమ్యా, పైన దంచిన వేరుశనగలు. కండక్టరమ్మ ఒక చిన్న మిరపకాయను చూసి, ఇంతేనా అని కొరికి, ఆ తర్వాత మూడు గ్లాసుల నీళ్లు తాగింది.

"చిన్న టికెట్టే, కాని చాలా దూరం తీసుకెళ్తుంది" అంది ముక్కు చీదుతూ.

వంటింట్లోకి తొంగి చూస్తే పొయ్యిల పక్కన మూడు ఎత్తు స్టూళ్లున్నాయి. కూరలు తరిగేవాళ్లు వాటి మీద కూర్చునే తరుగుతున్నారు.

"విదేశంలో నేను పనిచేసినన్నాళ్లూ కూర్చోనిచ్చేవాళ్లు కాదు. కూర్చుంటే బద్ధకమట" అంది వంటావిడ. "నా హోటల్లో మొదట కొన్నది గిన్నెలు కాదు, స్టూళ్లు."

కండక్టరమ్మ మేనేజరు మాట చెప్పింది. వంటావిడ గరిటె పక్కన పెట్టింది.

"ప్రయాణికుడు రాయాలన్నాడా? అయితే ప్రయాణికులకు చెప్పు."

"కండక్టరు ఫిర్యాదులు రాయించకూడదు వదినా, రూలు. మెమో ఇస్తారు."

"రాయమనకు. ఊరికే చెప్పు."

శనివారం సాయంత్రం నవ్వుల హాల్లో ఎవరైనా మైకు ముందు పది నిమిషాలు మాట్లాడవచ్చు. వంటావిడ వెళ్లి కండక్టరమ్మ పేరిచ్చి వచ్చింది. కండక్టరమ్మ స్టేజి ఎక్కింది. ఎదురుగా నూట యాభై మంది, అందరూ కూర్చుని. ఏం మాట్లాడాలో తోచక నోటికి అలవాటైనదే అంది.

"లేవండి! లేచి నిలబడండి. నేను నిలబడినంతసేపూ మీరూ నిలబడితేనే చెప్తాను."

జనం నవ్వుతూ లేచారు. చిల్లర లేని పెద్దమనుషుల గురించి చెప్పింది, ఫోనులో పెళ్లి సంబంధాలు కుదుర్చుకుంటూ నాలుగు స్టాపులు దాటిపోయేవాళ్ల గురించి చెప్పింది, డ్రైవరన్నయ్య పది గజాల గురించి చెప్పింది. హాలు గొల్లుమంది. ఆరో నిమిషానికి ముందు వరసలు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారడం మొదలైంది. ఎనిమిదికి ఎవరో కుర్చీ వీపు పట్టుకున్నారు.

"నడుం లాగుతోందా? ఇది ఎనిమిది నిమిషాలు. నాది ఎనిమిది గంటలు. మా బస్సులో నాకు సీటు లేదు. మా సారు, ఒక్క ప్రయాణికుడైనా ఫిర్యాదు రాశాడా అన్నారు. మిమ్మల్ని రాయమని నేననకూడదు, రూలు ఒప్పుకోదు. అనను. డిపో గేటు దాటగానే ఎడమ పక్క పచ్చ రంగు పెట్టె ఒకటుంది. దానికి దారంతో పెన్ను కట్టి ఉంటుంది. పెన్ను బాగానే రాస్తుంది. అంతే. కూర్చోండి."

పది రోజుల్లో పెట్టె రెండుసార్లు నిండింది. రెండు వందల పన్నెండు ఫిర్యాదులు. ఒకాయన, 'కండక్టరు గారు రెండుసార్లు నా మీద పడ్డారు, తప్పు ఆవిడది కాదు, లేని సీటుది' అని రాశాడు. ఒకామె, 'ఆవిడ నా కిటికీకి అడ్డంగా నిలబడుతున్నారు, దయచేసి కూర్చోబెట్టండి' అని రాసింది. పళ్ల డాక్టరైతే నడుం ఎముకల బొమ్మ గీసి మరీ పంపాడు. రూలు ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ మేనేజరు పదిహేను రోజుల్లో స్వయంగా జవాబు రాయాలి.

కబురొచ్చింది. మెమోయే అనుకుంటూ లోపలికి వెళ్లింది.

"ఇవన్నీ మీరే రాయించారా?"

"నేను రాయమనలేదు సార్. పెట్టె రంగు చెప్పాను."

మేనేజరు కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "ముప్పై ఒకటి రాశానమ్మా. మణికట్టు పడిపోయింది."

"యోగా టీచరమ్మ ఉంది సార్. ఫీజు తీసుకోదు."

ఆయనకు నవ్వొచ్చింది గాని ఫైలు చాటున దాచుకున్నాడు. మిగిలిన జవాబులకు బదులు పైవాళ్లకు ఒకే ఉత్తరం రాశాడు, రెండు వందల పన్నెండు కాగితాలూ జత చేసి.

నెలన్నరకు పదకొండో నంబరు బస్సులో వెనక తలుపు పక్కన బెంచీ సగం కోసి సీటు బిగించారు. నల్ల రెక్సిను, వీపుకు ఆనుడు కూడా. గట్టిగా బిగించారో లేదో చూడటానికి మేనేజరే స్వయంగా బస్సెక్కాడు. కండక్టరమ్మ ముందు నుంచి టికెట్లు కొట్టుకుంటూ వెనక్కి వచ్చేసరికి, ఆయన దర్జాగా అందులో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు.

డ్రైవరన్నయ్య అద్దంలోంచి చూస్తున్నాడు. బస్సంతా చూస్తోంది. పైఅధికారి. లేవమంటే ఏమవుతుందో. ఒక్క క్షణం పాత అలవాటు ప్రకారం చెయ్యి గొట్టం మీదికి పోయింది. ఆవిడే దాన్ని వెనక్కి లాక్కుంది.

"సార్, లేవండి. అది కండక్టరు సీటు."

మేనేజరు లేచాడు. ఆవిడ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నడుం పొడవునా ఏదో ముడి విడిపోయినట్టయింది. డాక్టరు పరీక్ష నాటికి నేల అందేలాగే ఉంది. బస్సు మలుపు తిరిగింది, మేనేజరు తూలి గొట్టం పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకోండి సార్. మిగతా నలభై బస్సులకు ఎప్పుడు బిగిస్తారు?"

"చూద్దామమ్మా, చూద్దాం. నేను దిగే స్టాపు వచ్చినట్టుంది."

"రాలేదు సార్" అంది ఆవిడ, కాళ్లు చాపుకుంటూ. "ఇంకా నాలుగు స్టాపులుంది. చెప్పండి, ఎప్పుడు?"