మరదలు చూసిన అంచు

ఆస్పత్రిలో అందరూ ఆమెను గొంతు డాక్టరమ్మ అంటారు. గొంతు పెద్దదని కాదు, అదీ కొంత నిజమే అయినా. నోట్లో, నాలుక మీద, మెడలో పుట్టిన గడ్డల ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి, అది క్యాన్సరో కాదో తేల్చేది ఆమే. పెళ్లి ఊసెత్తనివ్వకుండా ఆ మైక్రోస్కోపు గదిలోనే తల నెరిసింది.

నాలుక మీది గడ్డను తీసేశాక కొందరికి అది మెడలోని గ్రంథులకు పాకుతుంది, కొందరికి పాకదు. ఎవరికి పాకుతుందో ముందే చెప్పగలమా అన్నది ఆమె పరిశోధన. గడ్డ ఎంత లోతుకు దిగిందో కొలిస్తే చాలని ఆమె నమ్మకం.

ఆ గదిలోకి తమ్ముడి భార్య కొత్త డాక్టరుగా వచ్చి చేరింది. వచ్చీ రాగానే అందరికీ తలలో నాలుక అయిపోయింది. ఇంట్లో అప్పటికే అమ్మ నోట కోడలి జపం, ఇప్పుడు ఇక్కడా అదే పాట. డాక్టరమ్మ కడుపు రగిలిపోయేది.

ఒకరోజు ఇద్దరూ జంట మైక్రోస్కోపుకు చెరోవైపు కూర్చుని ఒకే స్లైడు చూస్తున్నారు.

"వదినా, లోతు సరే. అంచు చూడండి," అంది మరదలు. "గడ్డ నుంచి కొన్ని కణాలు గుంపులుగా విడిపోయి ముందుకు పోతున్నాయి. ఇలా ఉన్నవాళ్లకే మెడకు పాకుతోందేమో."

"ఇక్కడ వదిన కాదు, మేడమ్. కోసేటప్పుడు చెదిరిన కణాలవి. వాటికి కథలు అల్లకు."

మరదలు సరేనని లేచిపోయింది. ఆమె కాస్తయినా చిన్నబుచ్చుకోకపోవడం డాక్టరమ్మను మరీ మండించింది.

మర్నాటి నుంచి డాక్టరమ్మ బీరువాలోని పాత స్లైడ్లు తీయడం మొదలుపెట్టింది. మరదలి మాట తప్పని తేల్చి, నలుగురిలో ఆ సంగతి చల్లగా చెప్పాలని ఆశ. రోగి తరువాత ఏమయ్యాడో చూడకుండా ముందు అంచులు మాత్రమే పరీక్షించింది. ఆపైన రికార్డులతో పోల్చింది. లోతు తక్కువే ఉన్నా, అంచు చెదిరినవాళ్లలో చాలామందికి మెడకు పాకింది. నమ్మబుద్ధి కాక ఇంకో బీరువా తెరిచింది. అక్కడా అదే. కళ్లలో ఒత్తులు వేసుకుని పొరపాటు కోసం వెతికింది. దొరకలేదు.

చివరికి మరదలి బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"నువ్వన్నదే నిజం."

"మీరు పాత స్లైడ్లు తీస్తుంటే చూస్తూనే ఉన్నాను వదినా. నేను చూసుంటే నాకు కావలసిందే కనబడేది. నన్ను ఓడించాలనుకునేవాళ్లు చూసినా నా మాట నిలబడిందంటే ఇక భయం లేదు."

"ఓడించాలనుకున్నానని నీకెవరు చెప్పారు?"

"అత్తయ్య. చిన్నప్పుడు మీ తమ్ముడికి మంచి మార్కులొస్తే మీరు మళ్లీ కూడి చూసేవారట."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది, ఆపుకుంది.

ఇద్దరూ కలిసి దాని మీద రాసిన వ్యాసం వైద్య పత్రికలో అచ్చయింది. మరదలి పేరు ముందు పెట్టింది డాక్టరమ్మే, ఎవరూ అడగకుండానే. ఆ సాయంత్రం అమ్మ పత్రిక తిరగేసి, "పోనీలే, నీ పేరూ వేశారుగా," అంది. డాక్టరమ్మ తల వంచుకుని ఇంకో ముద్ద కలుపుకుంది.

కొన్నాళ్లకు మరదలు మరో స్లైడు పట్టుకొచ్చింది, ఈసారి స్వరపేటికది. "మేడమ్, దీని అంచులో..." అనబోయింది.

"కాదు," అంది డాక్టరమ్మ, ఇంకా చూడకుండానే. అని, కుర్చీ ముందుకు లాక్కుని కళ్లద్దాలు తుడుచుకుంది.