ముక్కు మేస్త్రి స్పానిష్ పరీక్ష

మా నీటి శుద్ధి కేంద్రంలో క్లోరిన్ ఎంత ఉందో చెప్పడానికి రెండు సాధనాలు ఉండేవి. ఒకటి ల్యాబులో నా బల్ల మీది మీటరు. రెండోది ఫిల్టరు హౌసు మేస్త్రి ముక్కు. మీటరు ఏడాదికి రెండుసార్లు రిపేరుకు వెళ్ళేది. ముక్కుకు మాత్రం జలుబు చేసినా సెలవు లేదు. గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకుని, "అర పాయింటుకి పిసరు తక్కువ" అనేవాడు. మీటరు పెట్టి చూస్తే పిసరు తక్కువే ఉండేది. ఒకసారి పంతానికి పోయి కొన్న సీసాలో నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చాను. వాసన చూసి, "ఇవి మన కడుపున పుట్టినవి కావు, ల్యాబు మేడమ్" అన్నాడు. ఆ రోజే ఆయనకు ముక్కు మేస్త్రి అని పేరు పెట్టాను. చూడబోతే ఆయన ముక్కు చిన్నదే.

భార్య పోయాక చెల్లెలి ఇంటి పక్క వాటాలోకి మారిపోయాడు. చెల్లెలు బట్టలు కుట్టేది. రోజూ మధ్యాహ్నం అన్నయ్యకు టిఫిను డబ్బా తెచ్చి, నన్ను చూసి, "వదినా, ఈయన తిన్నాడో లేదో మీరే కనిపెట్టుకోవాలి" అని అప్పగించి వెళ్ళేది. ఆవిడకు ఒక్కతే కూతురు ఉండేది. పదకొండేళ్ళ కిందట, ఎండలు ముదిరిన రోజుల్లో, వాంతులూ విరేచనాలూ పట్టుకుని నాలుగు రోజుల్లో పోయింది. నిండా ఏడేళ్ళు. ఆ నెలలో దిగువ వీధుల్లో చాలామంది పడకేశారు. మురుగు పైపు పగిలిందన్నారు, తినుబండారాల బళ్ళన్నారు, ఎవరూ తేల్చలేదు.

అప్పటినుంచి మేస్త్రి ఒక్కరోజు సెలవు పెట్టలేదు. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని వచ్చి క్లోరిన్ సిలిండరు పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. "దాన్ని ఏమైనా పెళ్ళి చేసుకున్నారా మేస్త్రిగారూ?" అని ఏడిపించేదాన్ని. నా నోటికి అదుపు తక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఇలా ఉండగా మా కేంద్రం నిర్వహణను పన్నెండేళ్ళ కాంట్రాక్టు మీద ఒక విదేశీ కంపెనీ తీసుకుంది. వాళ్ళ భాష స్పానిష్. తెరలు మారాయి, మీటలు మారాయి, ప్రతి యంత్రం పక్కనా స్పానిష్‌లో రాసిన లావుపాటి పుస్తకం వెలిసింది. ఫిల్టరు హౌసులోనూ ల్యాబులోనూ పనిచేసేవాళ్ళు పర్యావరణం మీద స్పానిష్‌లో మాట్లాడే పరీక్ష నెగ్గాలట. నెగ్గనివాళ్ళు గేటు దగ్గర కాపలాకి. ఏడు నెలల గడువు, వారానికి మూడు సాయంత్రాలు పాఠం.

"గేటు దగ్గరైతే మాత్రం ఏమైంది? కుర్చీ ఉంటుంది, గాలి వస్తుంది" అన్నాను, నన్ను నేను ఓదార్చుకుంటూ.

"ఆ గదిలోంచి తీసేస్తే నేను బతకను మేడమ్" అన్నాడు మేస్త్రి. వేళాకోళమేమోనని మొహం చూశాను. కాదు.

మీటింగు హాల్లో పాఠాలు మొదలయ్యాయి. మా టీచరమ్మ వయసు నా ఉద్యోగం వయసంత. నీళ్ళంటే అగ్వా, నది అంటే రియో, చెత్త అంటే బసూరా, కరువంటే సెకియా. మాటలదాకా బాగానే ఉంది, వాక్యాల దగ్గరే నా పరువు పోయింది. "నేనూ మా ఆయనా ఇంట్లో చెత్తను వేరుచేస్తాం" అని చెప్పబోయి, "నేను మా ఆయన్ని చెత్తలోంచి వేరుచేస్తాను" అన్నాను. టీచరమ్మ బల్ల మీద తల పెట్టి నవ్వింది. ఏం కూశానో తెలిశాక సిగ్గుతో చచ్చాను.

"మంచి పనే మేడమ్, ఆలస్యం చేస్తే బాగా కలిసిపోతాడు" అన్నాడు మేస్త్రి పక్కనుంచి.

నవ్వించేవాడే గాని, చదువులో మాత్రం రాక్షసుడు. పైపుల మీద సుద్దముక్కతో మాటలు రాసుకున్నాడు. వాల్వు తిప్పుతూ క్రియలు వల్లెవేసేవాడు: నిన్న నేను, నిన్న నువ్వు, నిన్న వాళ్ళు. జరుగుతున్నవీ జరగబోయేవీ ఆయనకు ఎక్కేవి కావు. జరిగిపోయినవి మాత్రం గడగడా వచ్చేవి.

ఒక సాయంత్రం చెయ్యెత్తాడు. "మేడమ్, నది కలుషితమైంది అని ఉంది. అడవి తగలబడిపోయింది అని ఉంది. చేసినవాడు ఏడీ?"

"ఈ పాఠాలన్నీ అంతే మేస్త్రిగారూ. చేసినవాళ్ళు వాక్యంలోకి రారు" అంది టీచరమ్మ.

"రావాలంటే?"

"నేను అని మొదలుపెట్టాలి. యో."

ఆయన ఆ మాట రాసుకున్నాడు. చదువు మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను.

పరీక్షకు జంటలుగా కూర్చోవాలి. చీటీలో వచ్చిన విషయం మీద ఒకరు మాట్లాడాక రెండోవాళ్ళు దాని మీద ఒక ప్రశ్న అడగాలి. మేమిద్దరం ఒక జంట. ఏ చీటీ వచ్చినా అటు తిప్పుకోవచ్చని, మంచుకొండలు కరిగిపోవడం మీద ఆయనకో వ్యాసం నేనే రాసిచ్చాను. నేను మాత్రం ఏ విషయానికైనా సరిపోయే ప్రశ్న ఒకటి బట్టీపట్టాను: "దీన్ని నివారించడానికి మనం ఏం చేయవచ్చు?" దీనికి మించిన తెలివైన ఏర్పాటు లోకంలో లేదని మురిసిపోయాను.

పరీక్ష రోజున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. లోపల పరీక్షాధికారి తెల్లగడ్డం పెద్దమనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. మేస్త్రి తీసిన చీటీలో ఇలా ఉంది: మీరు చూసిన ఒక పర్యావరణ సమస్య. ఏం జరిగింది? కారణం ఏమిటి? ఫలితం ఏమిటి?

మేస్త్రి గొంతు సవరించుకుని మంచుకొండలు మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు కాగానే పెద్దమనిషి చెయ్యెత్తి, మెత్తగా, మాకు అర్థమయ్యేట్టు నిదానంగా అన్నాడు. "పుస్తకం వద్దు. మీరు కళ్ళారా చూసింది చెప్పండి. తప్పులొచ్చినా పరవాలేదు."

మేస్త్రి ఆగిపోయాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. అయిపోయింది, ఇక గేటే అనుకున్నాను.

అప్పుడు మొదలుపెట్టాడు. చిన్న చిన్న వాక్యాలు, చిన్నపిల్లల వాక్యాలు. కాబట్టే నాకు ప్రతి ముక్కా తెలిసింది.

"ఒక ఊళ్ళో నీళ్ళు శుభ్రం చేసే ఇల్లు ఉంది. అక్కడ ఒక మనిషి నీళ్ళలో మందు కలుపుతాడు. అతనికి ఒక మేనకోడలు. ఒకరోజు మేనకోడలు నవ్వింది. మావయ్యా, నీ జుట్టు చీపురులా ఉంది అంది. మర్నాడు ఆమె పుట్టినరోజు. ఫోటో తీస్తారు. మధ్యాహ్నం ఆ మనిషి పని వదిలి మంగలి దగ్గరికి వెళ్ళాడు."

ఇక్కడ ఆగాడు. పెద్దమనిషి ప్రోత్సాహంగా తల ఊపాడు.

"ఆ మనిషి నేను. నా ముందు ముగ్గురు ఉన్నారు. ఫ్యాను తిరిగింది. నేను నిద్రపోయాను. తిరిగి వచ్చాను, మందు సిలిండరు ఖాళీ. రెండు గంటలో, మూడు గంటలో తెలియదు. నీళ్ళు ఊళ్ళోకి వెళ్ళిపోయాయి. నేను కొత్త సిలిండరు పెట్టాను. పుస్తకంలో మంచి అంకెలు రాశాను. ఎవరికీ చెప్పలేదు. పుట్టినరోజుకి నా మేనకోడలు నీళ్ళు తాగింది. పరుగెత్తి ఆడింది, మళ్ళీ తాగింది. తొమ్మిది రోజుల తర్వాత నా మేనకోడలు లేదు. నీళ్ళే కారణమా? తెలియదు. ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. కానీ చీటీలో కారణం అడిగారు. నేను."

ఆ అంకెల పుస్తకంలో వారం వారం అడుగున సంతకం చేసేది నేను. ఆ వారం మీటరు రిపేరుకు వెళ్ళింది. ఏదీ సరిచూడకుండానే, ఎప్పటిలాగే సంతకం పెట్టాను.

పెద్దమనిషి నావైపు తిరిగాడు. ప్రశ్న అడగాలి. నా బుర్రలో ఉన్నది ఒక్కటే ప్రశ్న. నోరు తెరిస్తే అదే వచ్చింది.

"దీన్ని నివారించడానికి మనం ఏం చేయవచ్చు?"

మేస్త్రి నన్ను చూశాడు. కోపం లేదు.

"ఏమీ లేదు. అయిపోయింది" అన్నాడు, స్పానిష్‌లోనే.

పెద్దమనిషి తృప్తిగా ఏదో రాసుకున్నాడు. తర్వాత నా వంతు. నేను ఖాళీ సీసాల గురించి ఏవో వాగాను, ఒక్క ముక్క గుర్తులేదు.

వరండాలో మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అర్థమైందా మేడమ్?"

"అయింది."

"ఆయన అంతా రాసుకున్నాడు. కంపెనీకి పంపుతారుగా?"

"మేస్త్రిగారూ, మిమ్మల్ని గేటు దగ్గర కూడా ఉంచరు."

"గేటుకో, జైలుకో. ఎవరో ఒకరు ఎక్కడికో అక్కడికి పంపాలి కదా."

"ఆ గదిలోంచి తీసేస్తే బతకనన్నారు?"

"ఇప్పుడూ అదే అంటున్నాను" అన్నాడు.

ఇన్నేళ్ళూ చెల్లెలికి ఎందుకు చెప్పలేదని అడిగాను. చొక్కా అంచు సర్దుకుంటూ చెప్పాడు. "ఎన్నిసార్లు మొదలెట్టానో. 'అమ్మాయ్' అనేదాకా వచ్చేది. తర్వాత దాని మొహం కనిపించేది, నోరు పడిపోయేది. ఈ భాషలో నాకు ఎవరి మొహమూ లేదు మేడమ్. ఉన్నదున్నట్టు వచ్చేసింది."

వారం తిరిగేలోపు ఫలితాలు వచ్చాయి. ఆ వారమంతా ఆయన తన గది ఊడ్చి, స్పానర్లకు నూనె రాసి, అప్పగింతలకు సిద్ధం చేసుకున్నాడు. నోటీసు బోర్డు మీద నాకు అరవై ఒకటి. నా పేరు పక్కన, పదాలు తెలుసు, తడబాటు ఎక్కువ అని ఉంది. మేస్త్రికి తొంభైనాలుగు, అందరికంటే ఎక్కువ. పక్కన పరీక్షాధికారి రాసిన మాట టీచరమ్మ పైకి చదివింది. "జరిగినదాన్ని చెప్పే క్రియలు చక్కగా వాడారు. కథ కదిలించింది. కల్పనాశక్తి మెచ్చుకోదగినది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఆయన వీపు చరిచారు. ఆయన తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి, రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"చెప్పారా?"

"నోరు తెరిచేలోపే చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఫిల్టరు హౌసు ఇక నాదేనట." నోటీసు బోర్డు వైపు చూసి, "పదకొండేళ్ళకి నోరొచ్చింది. వస్తే అది కథట మేడమ్" అన్నాడు.

నేను మేనేజరుతో చెప్పవచ్చు. నిజమేనని, ఆ పుస్తకంలో నా సంతకం ఉందని. చెప్పలేదు. ఉద్యోగం పోతుందనా, ఆయన పోతాడనా అని నన్ను నేను అడిగినప్పుడల్లా ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది.

ఆ సాయంత్రం చెల్లెలు నన్ను కూడా ఇంటికి పిలిచింది. కుట్టుమిషను మూలకు జరిపి కుర్చీలు వేసింది. వాయిల్ ముక్కలు మంచం కిందికి తోసేసి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను ఇద్దరిని కూర్చోబెట్టింది. ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

"మా అన్నయ్య బళ్ళో రెండుసార్లు తప్పాడు వదినా. ఇప్పుడు చూడండి, పరాయి భాషలో ఫస్టు! ఏదీ అన్నయ్యా, ఆ చెప్పిందేదో మాకూ వినిపించు."

"వద్దమ్మాయ్."

"అబ్బో, దొరగారికి గొప్ప వచ్చేసింది. తెల్లగడ్డాయనకి చెప్తావు గాని మాకు చెప్పవా?"

"నీకు తెలియదమ్మాయ్ ఆ భాష."

"తెలియకపోతేనేం? నీ నోట్లోంచి వస్తుంటే వింటాను."

మేస్త్రి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చెల్లెలి మొహంలోకి తిన్నగా చూస్తూ మొదలుపెట్టాడు. ఊరు, నీళ్ళ ఇల్లు, చీపురు జుట్టు, మంగలి షాపు, ఫ్యాను, సిలిండరు, అంకెలు. ఒక్క ముక్క వదల్లేదు. నేను చేతిలోని కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. టీ మీద మీగడ కట్టింది. చివరికొచ్చేసరికి ఆయన బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

చెల్లెలు చప్పట్లు కొట్టి, పైటచెంగుతో తన కళ్ళు కూడా ఒత్తుకుంది. "చూశారా, తెలియని భాషలో చెప్పి కూడా ఏడిపించేశాడు. దేని గురించి వదినా?"

"నీళ్ళ గురించి" అన్నాను.

"మాటిమాటికీ సొబ్రీనా, సొబ్రీనా అన్నాడు. ఏమిటది? నది పేరా?"

మేనకోడల్ని స్పానిష్‌లో అలా అంటారు. మేస్త్రి నావైపు చూశాడు. చెప్పమన్నాడో వద్దన్నాడో ఆ చూపులో నాకు అంతు దొరకలేదు.

"ఆ, నదే."

"ఎంత బాగుందో పేరు. ఎండిపోయిందా?"

"ఎండిపోయింది."

"అయ్యో పాపం" అంది ఆవిడ. కుర్చీ అన్నయ్య దగ్గరికి జరుపుకుంది. "ఇంకోసారి చెప్పన్నయ్యా. ఈసారి కాస్త మెల్లగా."

ఆయన మెల్లగా మొదలుపెట్టాడు.